గోరు గారి సంతకం

ఇరవై నాలుగేళ్లుగా నాలో ఒక సందేహం ఉంది. పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా కొన్నిసార్లు అది నా పక్కనే వచ్చి కూర్చునేది. నాణ్యతా తనిఖీ చేసే మనిషికి విలువ తెచ్చేది అతని చేతిలోని ధ్రువపత్రమా, లేక కాగితం ఏదీ లేకపోయినా వస్తువును ముట్టుకోగానే లోపాన్ని పసిగట్టే అతని అనుభవమా? పదో తరగతి తరువాత రెండేళ్లు ఐటీఐలో చదివినవాణ్ణి. ఇంతకన్నా గొప్ప మాటల్లో ఈ ప్రశ్నను అడగడం నాకు రాదు. ఆ సందేహాన్ని నాలో కలిగించినవారు, తమకు తెలియకుండానే దానికి సమాధానం కూడా చెప్పినవారు, మన ముఖ్య తనిఖీ అధికారి గారు, ఈ నెల ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వీడ్కోలు సంచికలో వారిని గురించి రాసే బాధ్యతను మిత్రులు నాకు అప్పగించారు. ముప్పై మూడేళ్లు వారి పక్క బల్ల మీద పనిచేసినవాడిగా దీన్ని భాగ్యంగా భావిస్తున్నాను. కొంచెం భయంగానూ ఉంది.

1986 జూన్ 9, సోమవారం ఉదయం ఏడు గంటల షిఫ్టుకు, ఇరవై రెండేళ్ల వయసులో, వారు మన కర్మాగారంలో ఫౌండ్రీ సహాయకులుగా చేరారు. గ్యాసు గొట్టాలకూ నీటి గొట్టాలకూ బిగించే వాల్వులను మనం ఆనాటి నుంచీ పోత పోస్తూనే ఉన్నాం. పోత చల్లారాక దానికి అంటిన ఇసుకను దులపడం, మిగిలిపోయిన అంచులను గీకి నునుపు చేయడం వారికి ఇచ్చిన పని. ఆ దుమ్ములో, ఆ చప్పుడులో మూడేళ్లు గడిపారు. అందరూ గీకి పక్కన పడేసే పోతను వారు మాత్రం ఒకసారి ఎడమచేతి బొటనవేలి గోరుతో మెల్లగా తడిమి మరీ పక్కన పెట్టేవారు. ఆ గోరును కావాలనే రవ్వంత పొడుగ్గా ఉంచుకునేవారు.

అప్పటి పెద్ద ఇన్‌స్పెక్టరు గారు ఒకరోజు అటుగా వెళుతూ ఇది చూశారట.

"ఏంటి వెతుకుతున్నావు?"

"వెతకట్లేదండీ. తగిలింది."

"ఏం తగిలింది?"

"ఏదో. గోరు ఆగింది."

ఆ పోతను కోయించి చూస్తే లోపలిదాకా వెంట్రుకవాసి పగులు ఉంది. మరుసటి నెలలోనే, అంటే 1989లో, వారిని తనిఖీ విభాగానికి మార్చారు. పేరు కూడా ఆ నెలలోనే మారింది. ఫౌండ్రీ అంతా వారిని 'గోరు' అని పిలవసాగింది. గౌరవం పెరిగేకొద్దీ దానికి 'గారు' చేరింది. ఇప్పటికీ గేటు దగ్గర ఎవరైనా వారిని ఇంటిపేరుతో అడిగితే కాపలా మనిషి ఆలోచనలో పడతాడు. గోరు గారంటే మాత్రం వెంటనే చెయ్యి చూపిస్తాడు.

నేను 1991లో చేరాను. మొదటి రోజు వారు నాకు కొలత పరికరాలను చూపించలేదు. రిజిస్టరును తెరిచి చూపించారు. అందులో తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు, తెల్ల ద్రవం పూయకూడదు, పేజీ చించకూడదు. తప్పు మీద ఒక్క అడ్డగీత గీయాలి. గీత కింద ఏముందో ఎప్పటికీ చదవగలిగేలా ఉండాలి. దాని పైన ఒప్పు రాసి, పొట్టి సంతకం చేసి, దిద్దిన నాటి తేదీ వేయాలి. ఈ నియమం ప్రపంచంలో తనిఖీ చేసేవారందరికీ ఉన్నదే. కాని వారు దాన్ని చెప్పిన తీరు వేరు.

"తప్పు చేసినవాడు సిగ్గుపడక్కర్లేదు తమ్ముడూ. దాచినవాడు సిగ్గుపడాలి. పాతదీ కనబడాలి, కొత్తదీ కనబడాలి. అప్పుడే చదివేవాడు మనల్ని నమ్ముతాడు."

అన్నా అని పిలవడం నాకు ఆ రోజే అలవాటైంది. ఈ వ్యాసంలో వారు అని ఎంత రాస్తున్నా, మనసులో మాత్రం అన్న అనే ఉంది.

1997లో మన విభాగానికి ఒక అవకాశం వచ్చింది. పగుళ్లను పరీక్షించే పనిలో రెండో స్థాయి ధ్రువపత్రానికి, మనం 'లెవెల్ టూ' అనుకునే దానికి, శిక్షణకు ఒకరిని పంపుతామని యాజమాన్యం చెప్పింది. అనుభవాన్ని బట్టి ఆ అవకాశం వారిదే. అప్పటి మేనేజరు గారి ముందు వారు అన్న మాటలు నేను చెవులారా విన్నాను.

"నాకెందుకండీ అది? కాగితం చూసి పగులు బయటికొస్తుందా?"

"రేపు అవసరం పడొచ్చయ్యా."

"పడితే అప్పుడు చూద్దాం. వీణ్ణి పంపండి, కుర్రాడు, రెండక్షరాలు ఎక్కుతాయి."

అలా నేను వెళ్లాను. నలభై గంటల పాఠాలు, రెండు పరీక్షలు. ఉత్తీర్ణుణ్ణయ్యాను. ధ్రువపత్రానికి అద్దం కట్టించి ఇంట్లో దేవుడి పటాల పక్కన తగిలించాను. మా ఆవిడ రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు, "ఆయన పక్కన మీకేం పనండీ?" అని దాన్ని తీసి హాల్లో పెట్టింది. గర్వం అప్పుడు కొంచెం దిగింది. పూర్తిగా దిగడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

2000వ సంవత్సరంలో మేనేజరు గారు చెప్పిన 'రేపు' వచ్చింది. గ్యాసు గొట్టాలకు వాల్వులు కొనేవారు ఒక షరతు పెట్టారు. ధ్రువపత్రం ఉన్న ఇన్‌స్పెక్టరు సంతకం లేని నివేదిక చెల్లదు. ఆ ఉత్తరువును చదివిన రోజు వారు చేతిలోని పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. పదకొండేళ్లుగా ఈ గేటు దాటిన ప్రతి వాల్వు మీదా వారి మాటే చివరి మాట. ఆ రోజు నుంచి వారు చూసేవారు, నేను సంతకం చేసేవాణ్ణి. క్యాంటీనులో క్రేను డ్రైవరు గట్టిగానే అన్నాడు, "సొమ్మొకడిది, సోకొకడిది!" అని. అందరూ నవ్వారు. వారూ నవ్వారు. నేను మాత్రం డబ్బా మూసి లేచిపోయాను.

ఇప్పుడు చెప్పబోయే సంగతి మన విభాగంలో చాలామందికి తెలిసినదే. కాని తెలిసినది సగమే.

2000 నవంబరు 16, గురువారం మధ్యాహ్నం. గ్యాసు వాల్వులు నలభై ఎనిమిది వెళ్లాలి. లారీ గేటు దగ్గర ఉంది. డ్రైవరు అప్పటికే రెండుసార్లు వచ్చి తొంగి చూసి వెళ్లాడు. పరీక్ష తెలియని బంధుమిత్రుల కోసం ఒక్క మాట చెబుతాను. వస్తువు మీద ఎర్రటి ద్రవం పూస్తాం. పగులు ఉంటే అది లోపలికి ఇంకుతుంది. కాసేపు ఆగి, పైన ఉన్న ఎర్రదనాన్ని తుడిచేసి, తెల్లటి పొడి చల్లుతాం. లోపల దాక్కున్న ఎరుపు పొడిలోకి పైకి వచ్చి, పగులు ఎక్కడ ఉందో గీత గీసినట్టు చూపిస్తుంది. తుడిచేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త ఉంది. శుభ్రం చేసే మందును గుడ్డ మీద పోసుకుని ఆ గుడ్డతో తుడవాలి. నేరుగా వస్తువు మీద పోస్తే పగులు లోపలి ఎరుపు కూడా కడుక్కుపోతుంది. ఇక పొడి చల్లినా తెల్లగానే ఉంటుంది. ఈ ప్రశ్న నా పరీక్షలో వచ్చింది. ఒప్పు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆ రోజు తొందరలో నేను మందును నేరుగా వస్తువుల మీదే పోశాను. నలభై ఎనిమిదీ తెల్లగా ఉన్నాయి. సంతకం చేయబోతున్నాను. వారు టీ గ్లాసు పట్టుకుని వచ్చి, ఊరికే నిలబడి, ఎడమ చేత్తో ఒక వాల్వు మెడను తడిమారు.

"తమ్ముడూ, ఇది ఇంకోసారి చూడు."

"చూశాను అన్నా. శుభ్రంగా ఉంది."

"నీ పొడి శుభ్రంగా ఉంది. నా గోరు ఆగింది."

"అన్నా, లారీ…"

"లారీకేం, నిలబడుతుంది. మందు గుడ్డ మీద పోశావా, వాల్వు మీద పోశావా?"

చేతిలోని పెన్నును కింద పెట్టాను. వారు ఇంకేమీ అడగలేదు. గ్లాసు కింద పెట్టి, చొక్కా చేతులు మడిచి, నాతోపాటు మొదటి నుంచీ మొదలుపెట్టారు. సాయంత్రం ఐదయ్యేసరికి పదకొండు వాల్వుల మెడ దగ్గర ఎర్రటి గీతలు తేలాయి. ఆ వాల్వులు వంటిళ్లకు గ్యాసు తీసుకువెళ్లే గొట్టాలకు బిగించవలసినవి. లారీ ఖాళీగా వెనక్కి వెళ్లింది. వెళుతూ డ్రైవరు, "గోరంత దాన్ని కొండంత చేశారు కదండీ!" అని విసుక్కున్నాడు. "కొండ అయ్యాక నువ్వే మొయ్యాలి నాయనా, అందుకే గోరంతలోనే చూశాం," అని వారు నవ్వుతూ పంపించారు.

రిజిస్టరులో 'లోపం కనుగొన్నవారు' అని ఒక గడి ఉంది. అందులో వారి పేరు రాయడానికి పెన్ను తీశాను. వారే ఆపారు.

"నా పేరు రాస్తే నివేదిక చెల్లదు. లారీ ఎందుకు ఆపారని రేపు అందరూ అడుగుతారు. లెవెల్ టూ పేరుంటేనే నిలబడతాం. నీ పేరు రాయి."

రాశాను. ఆ నిమిషంలో అది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. పదకొండు వాల్వులు ఆగాలంటే అదే దారి. నాది కానిది నేను తీసుకున్నది ఆ తరువాత. ఒక నెల గడిచాక కొనుగోలుదారుల నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. అందరినీ యార్డులో నిలబెట్టి, "ధ్రువీకరణ పొందిన మన ఇన్‌స్పెక్టరు అప్రమత్తత" అని చదివారు. నాకు సీనియర్ ఇన్‌స్పెక్టరుగా పదోన్నతి ఇచ్చారు. అప్పుడైనా నోరు తెరవవచ్చు. తెరవలేదు. లోపం కనుగొన్నది ఆయన గోరని, లోపాన్ని కడిగేసింది నా చెయ్యని ఒక్క మాట అనలేదు. చప్పట్లు మొదలుపెట్టింది ఎవరో ఈ సంచిక చదువుతున్నవారు ఊహించగలరు. ఆ చప్పట్లు కంట్లో నలుసులా ఇన్నేళ్లూ ఉండిపోయాయి.

ఆ తరువాతి సోమవారం వారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"నీ కోర్సు పుస్తకం ఉందా?"

"ఉందన్నా. ఎందుకు?"

"చదువుదామని."

"కాగితం చూసి పగులు బయటికి రాదన్నారుగా!"

"రాదు. ఇప్పటికీ అదే అంటా. కానీ గోరు ఆగిందని నాకు తెలుసు, నీకు తెలుసు. లారీ డ్రైవరుకి ఎలా తెలుస్తుంది? వాడికి నా గోరు ఇచ్చి పంపలేనుగా."

ముప్పై ఏడేళ్ల వయసులో వారు మళ్లీ విద్యార్థి అయ్యారు. ఇంట్లో గురువు పదకొండేళ్ల కూతురు. సాయంత్రాలు అమ్మాయి పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేది, వారు గోడకు ఆనుకుని జవాబులు చెప్పేవారు. నేను ఒకసారి వెళ్లినప్పుడు అమ్మాయి కళ్లెర్రజేస్తోంది: "నాన్నా, నిన్న కూడా ఇదే తప్పు చెప్పావు! ఐదుసార్లు రాసుకో." వదినగారు వంటింట్లోంచి, "ఐదు చాలవే, పది రాయించు. నా మాట వినని మనిషి, నీ మాటైనా విననీ!" అన్నారు.

పరీక్షకు కూర్చోవాలంటే ముందు కంటి పరీక్షలో నెగ్గాలి. చిన్న అక్షరాల కార్డును దగ్గరగా పట్టుకుని చదవాలి. ఊళ్లో కంటి డాక్టరు దగ్గరికి నేనే తోడు వెళ్లాను. వారు కార్డు చేతిలోకి తీసుకున్నారు, కొంచెం దూరం జరిపారు, ఇంకొంచెం జరిపారు. తరువాత వారికి తెలియకుండానే ఎడమచేతి బొటనవేలు కార్డు మీదికి పాకింది.

"కార్డును గోకుతున్నారేంటండీ?" అన్నారు డాక్టరు గారు.

నేను నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేశాను. లోపల డాక్టరు గారు చెబుతున్న మాట విని నవ్వు ఆగిపోయింది. దగ్గరి చూపు తగ్గి కనీసం రెండేళ్లయి ఉంటుందట. రెండేళ్లుగా మేమందరం ఏ కంటిని చూసి గర్వపడుతున్నామో, ఆ కన్ను సగం పని గోరుకు అప్పగించి ఊరుకుందన్నమాట. తిరిగి వచ్చేటప్పుడు బస్సు దిగేముందు వారు అన్నారు: "చూశావా, ఆ కాగితం కోసం వెళ్లకపోతే నాకు కనబడట్లేదని నాకే తెలిసేది కాదు. గోరుకు అందని పగులు ఎన్ని వదిలేశానో." ఆ రాత్రి వారు నిద్రపోలేదని తరువాత వదినగారు చెప్పారు. మరునాడు కళ్లద్దాలకు కొలతలు ఇచ్చి వచ్చి, అవి రాగానే గిడ్డంగిలో నిలువ ఉన్న సరుకంతా వారం రోజులపాటు ఒక్కొక్కటిగా మళ్లీ చూశారు. రెండు దొరికాయి. ఆ రెండింటినీ తమ పొరపాటుగా తమ చేత్తోనే రాసి మేనేజరు గారికి ఇచ్చారు. నేను చూస్తూనే ఉన్నాను. నేర్చుకోలేదు.

2001లో రాసిన మొదటి పరీక్షలో వారు తప్పారు. ఎలా తప్పారో చెబితే మన విభాగంలో నవ్వనివారు ఉండరు. ప్రయోగ పరీక్షలో ఒక ముక్క ఇచ్చారు. వారు దాన్ని అందుకుంటూనే గోరుతో తడిమి, ద్రవం సీసా మూత కూడా తీయకుండా, 'మూడు పగుళ్లు, ఫలానా చోట' అని రాసి ఇచ్చేశారు. మూడూ నిజమే. పరీక్షాధికారి మాత్రం సున్నా వేశారు.

"జవాబు ఒప్పేగా సార్?"

"ఒప్పే. ఎలా వచ్చింది?"

"తగిలింది సార్."

"మీకు తగిలింది. మీ తరువాత ఆ బల్ల దగ్గరికి వచ్చేవాడికి తగులుతుందా? నేను మార్కులు వేసేది దారికండీ, ఊరికి కాదు."

ఆ మాటకు వారికి కోపం వస్తుందనుకున్నాను. ఇంటికి వెళ్లి, నేరుగా గోళ్ల కత్తెర అడిగి, ఆ గోరును మొదలంటా కత్తిరించేశారు. వదినగారు అందరికీ చెప్పి నవ్వేవారు: "పెళ్లయి పద్నాలుగేళ్లు మొత్తుకున్నా తియ్యని గోరు! నా మాట నెగ్గిందనుకుంటే, అదీ పరీక్ష తప్పబట్టి!" రెండోసారి వారు కళ్లద్దాలు పెట్టుకుని, ద్రవం పూసి, ఆగవలసినంత సేపు ఆగి, గుడ్డ తడిపి తుడిచి, పొడి చల్లి, కనబడినది కనబడినట్టు రాశారు. 2002 మార్చిలో లెవెల్ టూ ధ్రువపత్రం వచ్చింది. జేబులోంచి పెన్ను తీసి మూత విప్పి, నివేదిక మీద సంతకం పెట్టిన ఆ ఉదయం విభాగమంతా పని ఆపి నిలబడింది. సంతకం చేసి తలెత్తి, "ఏంటి, లారీలు లేవా?" అన్నారు. గోరు మళ్లీ పెరగలేదు. పేరు పోలేదు.

ఆ మరుసటి ఏడాది మొదలైనదే మన భోజన విరామపు బడి. పన్నెండు ముప్పావుకు డబ్బాలు మూసేయడం, తనిఖీ బల్ల మీది ఇనుప పలక మీదనే సుద్దముక్కతో బొమ్మలు గీయడం, ఒంటిగంటా పదికి గుడ్డతో తుడిచేయడం. ఇరవై ఒక్క ఏళ్లలో ఆ పలక దగ్గర చదువుకుని ధ్రువపత్రం తెచ్చుకున్నవారు పందొమ్మిది మంది. ప్యాకింగులో పెట్టెలకు మేకులు కొడుతూ, ఒకరోజు దారిలో ఆగి వినడం మొదలుపెట్టిన మన చెల్లెమ్మ వారిలో ఒకరు. "నాకు ఇంగ్లీషు రాదండీ, నన్నెవరు రానిస్తారు?" అని ఆమె అంటే, "పగులుకి మాత్రం వచ్చా ఇంగ్లీషు? కూర్చో తల్లీ," అన్నారు. ఈరోజు కొలత పరికరాల విభాగమంతా ఆమె చేతిమీదుగా నడుస్తోంది. 2009లో ఫౌండ్రీ ఎనిమిది నెలలు మూతపడినప్పుడు చాలా ఇళ్లలో ఏం జరిగిందో మనకు తెలుసు. ఆ పలక దగ్గర చదువుకున్నవారిలో ఏడుగురికి నెల తిరగకుండా వేరేచోట్ల పని దొరికింది. అందులో ఒకతను అక్కడి నుంచి ఉత్తరం రాశాడు: "ఇక్కడ నా ముఖం ఎవరికీ తెలియదు గురువుగారూ. కాగితం చూసి కుర్చీ వేశారు. కూర్చున్నాక మాత్రం మీరు నేర్పిందే చూస్తున్నారు." ఆ ఉత్తరం వారి సొరుగులో ఇంకా ఉంది.

2012లో వారు ముఖ్య తనిఖీ అధికారి అయ్యారు. ఐదేళ్లకొకసారి ధ్రువపత్రాన్ని మళ్లీ పరీక్ష రాసి నిలబెట్టుకోవాలి. 2022లో చివరిసారి రాసినప్పుడు నేను ఉండబట్టలేక అడిగాను.

"రెండేళ్లలో వెళ్లిపోతారు, ఇప్పుడెందుకన్నా ఈ పరీక్ష?"

"ఆ రెండేళ్లూ సంతకం చెయ్యాలిగా తమ్ముడూ."

నా సందేహం దగ్గరికి వస్తాను. ధ్రువపత్రం చూపునిస్తుందా? ఇవ్వదనే ఇప్పటికీ నా నమ్మకం. నా దగ్గర కాగితం ఉన్న రోజునే నేను పగుళ్లను కడిగేశాను. మరి అనుభవం ఒక్కటే చాలా? అదీ చాలదని, తమ కంటిని తామే పరీక్షకు పెట్టి వారు నాకు చూపించారు. దేవుడిచ్చిన నేర్పు మనిషితోపాటు పుట్టి మనిషితోపాటే వెళ్లిపోతుంది. దాన్ని పద్ధతిలోకి దించి, పరీక్షకు నిలబెట్టి, పదిమంది చేతుల్లో పెడితేనే మన ముఖం చూడని ఇంటి వంటగదికి కూడా అది కాపలా కాస్తుందేమో. ఇది నా చిన్న బుద్ధికి తోచినది. పొరపాటైతే పెద్దలు దీని మీద కూడా ఒక గీత గీయవచ్చు.

ముప్పై ఎనిమిది సంవత్సరాల సేవలో ఒక్కరోజు కూడా చూడనిదాన్ని చూశామని రాయని మా అన్నగారికి, వారి వెనుక ఇంటిని నిలబెట్టిన వదినగారికి, ఒకప్పటి ఆ చిన్ని గురువుకు విభాగమంతటి పక్షాన నమస్కారాలు. భగవంతుడు వారికి నిండు ఆరోగ్యాన్ని, నూరేళ్ల ఆయుష్షును, పొడి చల్లినా ఎర్ర గీత తేలనంత నిర్మలమైన విశ్రాంతిని ప్రసాదించాలని ప్రార్థిస్తున్నాను.

ఒక్క సంగతి మిగిలింది. పోయిన మంగళవారం వారు రికార్డు గది తాళాలు నాకు అప్పగించారు. గ్యాసు వాల్వుల రిజిస్టర్లను మనం ముప్పై ఏళ్లు దాస్తాం. జాబితా సరిచూసుకుంటూ 2000వ సంవత్సరం అర దగ్గరికి రాగానే నేను ఒక రిజిస్టరు తీసి బల్ల మీద తెరిచాను.

"ఏంటిది?"

"నవంబరు పదహారు పేజీ అన్నా."

"ఇప్పుడెందుకు తమ్ముడూ? ఎవరికి కావాలి?"

"నాక్కావాలి."

"పాత రికార్డు ముట్టుకోవాలంటే అనుమతి ఉండాలి."

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆనాడు నేను చేసినదీ, చేయనిదీ దాచకుండా రాసి, దిద్దడానికి అనుమతి కోరిన దరఖాస్తు. అడుగున మేనేజరు గారి అక్షరాలు: 'తప్పు దిద్దుకోవడానికి గడువు లేదు. మన పద్ధతి ప్రకారం దిద్దండి.' వారు దాన్ని రెండుసార్లు చదివి, సంతకం చూసి, ముద్ర చూసి, మడిచి నా చేతిలో పెట్టారు. వద్దనలేదు.

స్టీలు స్కేలు పెట్టి, 'లోపం కనుగొన్నవారు' అన్న గడిలో నా పేరు మీద ఒక్క అడ్డగీత గీశాను. దాని పైన వారి పూర్తి పేరు రాశాను. పక్కన కారణం రాశాను: 'మొదటి పరీక్షలో మందును నేను నేరుగా వస్తువు మీద పోసినందున లోపాలు కనబడలేదు.' పొట్టి సంతకం చేసి రిజిస్టరును వారి వైపు తిప్పాను.

వారు కళ్లద్దాలు సర్దుకున్నారు. భూతద్దం కూడా తీశారు. చాలాసేపు చూశారు. గోరు లేని ఆ ఎడమ బొటనవేలు తనంతట తానే వచ్చి గీత మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా వెళ్లింది.

"కింద పాతది కూడా చదవడానికి వస్తోంది. బాగుంది," అన్నారు. "తేదీ వెయ్యలేదు, తమ్ముడూ."

వేశాను.